మైకు తిరుపాలు ఎడమ చెయ్యి

మా ఆయన పేరు తిరుపాల్. అందరికీ మైకు తిరుపాలు. పెనుకొండ చుట్టుపక్కల పల్లెల్లో చేపలు వచ్చాయన్నా, ధర్మవరం చీరలు తగ్గింపుకు పెట్టారన్నా, రేపు కరెంటు ఉండదన్నా, ఎవరిదో గొర్రె తప్పిపోయిందన్నా జనం ఆయన గొంతులోనే విన్నారు. వాళ్ళ నాయన నరసింహ గొర్రెలు మేపేవాడు. ఈ గుట్ట మీద నిలబడి ఆ గుట్ట మీది మందను పిలిచి పిలిచి ఆ ఇంట్లో అందరివీ పెద్ద గొంతులే. మా ఆయన ఆ గొంతును ఆటో ఎక్కించాడు, అంతే.

ఇంట్లో మాత్రం మెల్లగా మాట్లాడేవాడు. బయట అరిచి వచ్చాక ఆయనకు మాటలు మిగిలేవి కావు. నాకు మొదటి నుంచీ మాటలు తక్కువ. మాకు పిల్లలు లేరు. పదహారేళ్ళు అట్లా ఇద్దరం, రేడియో ఆపేసిన ఇంటిలాగా బతికాం. బాగానే బతికాం.

మూడేళ్ళ కింద ఆయన కాళ్ళకు చెప్పులు పట్టలేదు. ఎండకు వాచాయి అనుకున్నాం. తర్వాత ముఖం వాచింది. నిద్ర లేక అనుకున్నాం. హిందూపురంలో రక్తం చూసి, రెండు కిడ్నీలూ పోయాయన్నారు. అప్పటి నుంచి మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి హిందూపురం పోవాలి. నాలుగు గంటలు మిషను పక్కన పడుకోవాలి. ఒంట్లోని రక్తమంతా మిషనులోకి పోయి, కడుక్కొని వెనక్కి వస్తుంది.

రక్తం పోయి రావడానికి దారి కావాలి కదా. దానికి ఆయన ఎడమ చేతిలో రెండు నరాలు కలిపి కుట్టారు. ఫిస్టులా అంటారు దాన్ని. మణికట్టు పైన నరం తాడులాగా ఉబ్బింది. మీద చెయ్యి పెడితే లోపల కందిరీగ తిరిగినట్టు జుమ్మని అదిరేది. ఆ అదురు ఉన్నంతకాలం దారి ఉన్నట్టు. ఆగితే మూసుకున్నట్టు.

అక్కడ మిషన్లు చూసే ఝాన్సీ సిస్టర్ తొలిరోజే నన్ను పక్కకు పిలిచింది.

"చూడమ్మా గంగాదేవీ, ఈ చెయ్యి ఇంక మీ ఆయప్పది కాదు, మిషనుది. దీంతో బిందె ఎత్తగూడదు. గడియారం కట్టగూడదు. సూది ఎయ్యనియ్యొద్దు. బీపీ పట్టీ సుట్టనియ్యొద్దు. ఎంత పెద్ద డాక్టరు వచ్చినా సరే, ఈ చెయ్యి కాదు, ఆ చెయ్యి అని నువ్వు చెప్పాల."

"చెప్తా సిస్టర్."

"గట్టిగ చెప్పాల. నీ మాట నాకే ఇనపల్యా."

అప్పటి నుంచి నేను ఆయనకు కుడిపక్కే పడుకున్నాను, నిద్రలో చెయ్యి నా కింద పడకూడదని. తెల్లారి లేచి పొయ్యి ముట్టించే ముందు ఆ నరం మీద నా చెయ్యి పెట్టి అదురు చూసుకునేదాన్ని. నీళ్ళు కూడా నేనే పోసేదాన్ని, చిన్న గ్లాసుతో, రోజుకు ఇన్ని అని. తాగిన నీళ్ళు బయటికి పోవు, ఒంట్లోనే నిలిచి ఊపిరి ఆడనియ్యవు అని సిస్టర్ చెప్పింది. మే నెల ఎండలో గొంతు చించుకుని వచ్చిన మనిషి "ఇంకొక్క గుటక" అంటే వద్దనడం నాకు అలవాటైపోయింది. ఆయనను బతికించడమంటే ఆయనకు నీళ్ళు ఇవ్వకపోవడమే.

ఎన్నికలు వచ్చాయి. మా దగ్గర ఇద్దరు నిలబడ్డారు, గోవిందరాజులు, శివప్రసాద్. ఇద్దరూ ఈసారి వైద్యం పట్టుకున్నారు. గోవిందరాజులు ఇంటింటికీ కార్డు అన్నాడు. కార్డు తీసుకొని నచ్చిన ప్రైవేటు ఆస్పత్రికి పోవచ్చు, ఒక్క పైసా కట్టనక్కర్లేదు, సర్కారు ఆస్పత్రి గేటు కాడ పడిగాపులు ఎందుకు అని. శివప్రసాద్ దానికి ఎదురు చెప్పాడు. కార్డుల వల్ల బాగుపడేది ఆస్పత్రుల ఓనర్లే, తనను గెలిపిస్తే పెనుకొండ సర్కారు ఆస్పత్రిలోనే ఎనిమిది డయాలసిస్ మిషన్లు పెట్టిస్తాను, వారానికోసారి పల్లెకు డాక్టరు వ్యాను పంపిస్తాను అన్నాడు.

ఇద్దరూ మా ఆయన ఆటోనే బాడుగకు పెట్టుకున్నారు. పొద్దున గోవిందరాజులు ఫ్లెక్సీ కట్టుకొని కార్డు గురించి చెప్పేవాడు. అన్నం తిని, అది విప్పి శివప్రసాద్ ఫ్లెక్సీ కట్టుకొని మిషన్ల గురించి చెప్పేవాడు. మిషను మీద పడుకునే రోజులు తప్ప. ఊళ్ళో ఎవరికీ ఇది వింత కాదు. ఎగతాళికి మాత్రం పనికొచ్చింది.

వీధి చివర వెంకటమ్మవ్వ ఆటోను ఆపి మరీ అడిగింది.

"ఏమిరా తిరుపాలూ, పొద్దున కార్డు మించింది ల్యా అంటివి. ఇప్పుడు కార్డంతా మోసం అంటాండావు. నీకు నాలుక ఒకటేనా రెండా?"

"నాలుక ఒకటే అవ్వా. అది గూడ బాడుగదే."

"మల్ల నీ ఓటు ఎవురికి?"

"అది మాత్రం నాదే. ఇంగా జూస్తాండా."

నిజంగానే చూస్తున్నాడు. ఊళ్ళో వాళ్ళకు అది ఐదేళ్ళకు ఒకసారి వచ్చే సందడి. ఆయనకు మాత్రం మంగళవారానికీ శుక్రవారానికీ మధ్య ఎట్లా బతకాలి అనే సంగతి. ఇద్దరి కాగితాలూ మడిచి చొక్కా జేబులో పెట్టుకొని హిందూపురం తెచ్చేవాడు. ఒక చెయ్యి మిషనులో ఉంటే రెండో చేత్తో పట్టుకొని చదివేవాడు.

పక్క మంచం కేశవది. ధర్మవరంలో పట్టుమగ్గం నేసేవాడు. ఆయనది కార్డు పక్షం.

"మిషన్లంటాండాడు మీ మధ్యాన్నం లీడరు," అన్నాడు ఒక రోజు. "మగ్గం కొనిచ్చి గుంతలో దించితే చీర వచ్చేస్తాదా? నేసేటోడు కావద్దా? ఎనిమిది మిషన్లు దింపుతాడు, రిబ్బను కత్తిరిస్తాడు. సూది గుచ్చేదానికి ఎవురొస్తారప్పా, ఆయప్ప పెండ్లామా?"

"సర్కారోళ్ళు ఇచ్చిన పాత కార్డు నీ జోబీలో ఇప్పుడు గూడ ఒకటి ఉండాది గదా," అన్నాడు మా ఆయన. "పోయిన్నెల మోకాలు చూపిచ్చేదానికి పోతే ఏమనిరి నిన్ను?"

"సర్వరు డౌనంట."

"ఎన్ని దినాలు?"

"ఆరు దినాలు. నా మోకాలు గూడ డౌనే."

మంచాల మీద వాళ్ళందరూ నవ్వారు. ఝాన్సీ సిస్టర్ అరిచింది. "నవ్వొద్దండప్పా, సూదులు కదుల్తాయి!"

మా ఆయన నవ్వలేదు. కాగితాలు రెండూ కడుపు మీద పక్కపక్కన పెట్టుకొని అన్నాడు, "ఇద్దురూ సగమే చెప్తాండారు. ఒకాయప్ప పొయ్యేదానికి కార్డిస్తాడు. పోతే తీసుకుంటారా లేదా చెప్పడు. ఇంకొకాయప్ప మిషను ఈడికే తెస్తానంటాడు. నీళ్ళు యాడివో చెప్పడు."

నీళ్ళ సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు. ఒక్క మనిషి రక్తం కడగాలంటే డ్రమ్ములకు డ్రమ్ములు శుభ్రమైన నీళ్ళు కావాలి. మిషను వెనక దానికని పెద్ద ప్లాంటు ఉండాలి. మా వైపు బోరు నీళ్ళతో పప్పే ఉడకదు.

ఆయన అడగకుండా ఉండలేదు. గోవిందరాజులు మా ఊరికి వచ్చినప్పుడు ఆటో పక్కనే నిలబడి అడిగాడు.

"అయ్యా, కార్డు చూపిచ్చినాక గూడ ఆస్పత్రోళ్ళు తీసుకోం అంటే ఎట్ల?"

"నాకు ఫోన్ చెయ్," అన్నాడు గోవిందరాజులు, భుజం తట్టి. పక్కనున్న మనిషి ఒక నంబరు ఇచ్చాడు. అది ఎప్పుడు చేసినా పాట వచ్చేది, మనిషి వచ్చేవాడు కాదు.

మరో రోజు శివప్రసాద్‌ను అడిగాడు. "అయ్యా, మిషన్లు సరే. నీళ్ళ ప్లాంటు, నడిపే మనుషులు?"

"ముందు మిషన్ రానీ తిరుపాలూ. మిషనొస్తే అవన్నీ దాని ఎనకాలే వస్తాయి."

ఇంటికొచ్చి చెప్పి నవ్వాడు. నేను మాత్రం శివప్రసాద్ వైపే. నాకు నీళ్ళ ప్లాంట్లు తెలియవు. మిషను మీద నుంచి లేచాక బస్సులో ఆయన తల నా ఒళ్ళో పెట్టుకొని వచ్చేది నేను. ప్రతిసారీ దారిలో వాంతి చేసుకునేవాడు. నా కొంగుతోనే తుడిచేదాన్ని. పెనుకొండలోనే మిషను ఉంటే ఆ దూరం ఉండదు. నాకు అంతే కనిపించింది.

"నీకు మిషనే కావాల," అన్నాడాయన. "చెయ్యి చెడిపోతే? మల్ల నరం కుట్టే డాక్టరు సర్కారు ఆస్పత్రిలో ఉండడు గదే. అప్పుడు కార్డే దిక్కు."

"చెయ్యెందుకు చెడిపోతాది?" అన్నాను. "నేనుండా గదా."

ఆ మాట అన్నది నేనే.

ఒక బుధవారం పెనుకొండలో శివప్రసాద్ ఉచిత వైద్య శిబిరం పెట్టాడు, ఒక పెళ్ళిమంటపంలో. మా ఆయన పోనన్నాడు. "ముందురోజే మిషను మీద పండుకొని వచ్చినా, ఒళ్ళు నొప్పులు. ఆడ నాకేం పని?"

"డాక్టర్లొస్తారంట. మిషన్లు ఎప్పుడు తెస్తారో కనుక్కోవచ్చు," అన్నాను. నేనే చొక్కా ఇస్త్రీ చేయించాను. నేనే బయలుదేరదీశాను.

అక్కడ డాక్టర్లు ఇద్దరు ఒక మూల కూర్చొని గోలీలు రాస్తున్నారు. నడిమధ్యలో, ఎర్ర కుర్చీలో శివప్రసాద్ కూర్చున్నాడు, మెడలో డాక్టర్ల గొట్టం వేసుకొని. మా ఆయనను చూడగానే చెయ్యి ఊపి పిలిచాడు. "రా రా తిరుపాలూ! మన గొంతు వచ్చింది చూడండప్పా!" జనం జరిగి దారిచ్చారు.

ఫోటోలు తీసే మధు అనే అతను పరుగున వచ్చాడు. "సార్, ఈయప్ప చెయ్యి చూడండి. ఆ ఉబ్బింది కనపడాల. అది పడితే ఫోటోకు పవరు వస్తాది."

"చొక్కా మడవమ్మా," అన్నాడు శివప్రసాద్ నాతో.

నేను మడిచాను. ఎడమ చేతిదే. ఉబ్బిన నరం అందరూ చూశారు. ఎవరో అయ్యో అన్నారు. శివప్రసాద్ ఆ చేతిని తన ఒళ్ళోకి తీసుకున్నాడు, సొంత తమ్ముడి చెయ్యి తీసుకున్నట్టు. పక్కన బల్ల మీద బీపీ పట్టీ ఉంటే అందుకొని, మోచేతి పైన చుట్టాడు.

"సార్, ఆ చెయ్యికి..." అన్నాను.

ఆయన నా వైపు తిరిగి నవ్వాడు. "భయపడొద్దమ్మా. నొప్పేమీ ఉండదు."

అంతే. ఇంకో మాట నా నోటికి రాలేదు. మా ఆయన నా వైపు చూశాడు. రెండు గుట్టలకు వినిపించే గొంతు ఆయనది. ఆయన కూడా ఏమీ అనలేదు. అంతమంది ముందర అంత పెద్ద మనిషి తన చెయ్యి ఒళ్ళో పెట్టుకుంటే, వద్దని లాక్కోవడం మావాళ్ళకు చేతకాదు. లాక్కుంటే ఆయన పరువు తీసినట్టు. పరువు ఆయనది, చెయ్యి మాది. అయినా పరువే చూశాం.

శివప్రసాద్ రబ్బరు ఉండను పిసికాడు. పట్టీ బిగిసింది. మధు ఫోటో తీసి చూసుకొని తల అడ్డంగా ఊపాడు.

"సార్, వెలుతురు చాల్లేదు. ఇంకొక్కసారి కొట్టండి."

మళ్ళీ పిసికాడు. ఇంకోసారి. నాలుగోసారి పిసికాక ఆయనకు ఫోన్ వచ్చింది. ఎవరో పెద్దవాళ్ళు చేసినట్టున్నారు. ఉండ వదిలేసి, ఫోను చెవికి పెట్టుకొని లేచి నిలబడి మాట్లాడాడు. గాలి వదలడం ఎట్లాగో మా ఇద్దరికీ తెలియదు. పట్టీ అట్లాగే బిగిసి ఉంది. మా ఆయన వేళ్ళు నీలంగా మారాయి. ఆయన ఆ వేళ్ళనే చూస్తూ కూర్చున్నాడు, నేను కూడా. ఎంతసేపో నేను చెప్పలేను. ఫోను మాట్లాడేసి శివప్రసాద్ వేరే వైపు వెళ్ళిపోయాడు. మధు వచ్చి పట్టీ ఊడదీశాడు.

తెల్లారి లేచి ఆయన చేతి మీద చెయ్యి పెట్టాను. అదురు లేదు. నా చెయ్యే మొద్దుబారిందేమో అని రెండో చెయ్యి పెట్టాను. చెవి ఆనించి విన్నాను. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి.

"ల్యా గదా," అన్నాడు.

"ఎప్పుడు తెలిసె నీకు?"

"నిన్న బస్సులోనే. నువ్వు సంగటి తిన్నాక చెప్దాంలే అనుకుంటి. తిన్నాక, నిద్రపొయ్యి లేచినాక చెప్దాంలే అనుకుంటి."

శుక్రవారం హిందూపురంలో ఝాన్సీ సిస్టర్ చెయ్యి పట్టుకొని చూసింది. వేళ్ళతో పైనుంచి కిందికి తడిమింది. మళ్ళీ తడిమింది.

"ఎవురు సుట్టింది పట్టీ?"

"ఓట్లకు నిలబడిన ఆయప్ప," అన్నాను.

"నువ్వు యాడుంటివి?"

"పక్కనే."

ఆమె డాక్టరును పిలుచుకురావడానికి పోయింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నరంలో రక్తం గడ్డకట్టింది, ఇది ఇంక తెరుచుకోదు, వేరేచోట కొత్తగా కుట్టాలి, అందాక మెడలో గొట్టం వేసి నడపాలి అని డాక్టరు చెప్పాడు. మెడలో గొట్టం ఎక్కువ రోజులు ఉంచకూడదు, ఒక్క మిషను కూడా తప్పకూడదు అన్నాడు. పక్క మంచం మీద కేశవ ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

నాలుగు రోజుల్లో ఫోటో వచ్చింది. పేదవాడి చెయ్యి పట్టిన నాయకుడు అని రాసి, నిలువెత్తు ఫ్లెక్సీలు వేయించారు. ఒకటి మా ఆటోకే తెచ్చి కట్టారు. మా ఆయన మెడకు తువ్వాలు చుట్టుకొని, గొట్టం కనపడకుండా కప్పుకొని, తన చెయ్యి బొమ్మ కింద కూర్చొని, శివప్రసాద్‌కు ఓటెయ్యండి అని మధ్యాహ్నమంతా చెప్పి వచ్చాడు.

"ఎందుకయ్యా?" అన్నాను.

"ఒప్పుకున్న బాడుగ గదే," అన్నాడు.

కొత్త నరం కుట్టించాలని ధర్మవరంలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి పోయాం. కౌంటరులో కూర్చున్న మనిషి మా పాత కార్డు తిప్పి తిప్పి చూసి వెనక్కి తోశాడు.

"కార్డు మీద ఆపరేషన్లు నిలిపేసినాం. పైనుంచి బిల్లులు రాల్యా. ఎవురన్నా లీడరు దగ్గర లెటర్ తెస్తే డాక్టరు గారితో మాట్లాడి చూస్తాం."

"ఏ లీడరు?" అన్నాడు మా ఆయన.

"మీకు తెలిసినోళ్ళు ఎవురూ ల్యారా?"

మా ఆయన ఆ మాటకు చాలాసేపు నవ్వాడు. నవ్వితే మెడ నొప్పి, అయినా నవ్వాడు.

చెయ్యి సంగతి ఊళ్ళో పాకింది. గోవిందరాజులు మనిషి బాలాజీ మోటారు సైకిలు మీద వచ్చాడు. మా మండలంలో ఆయన పనులన్నీ ఇతనే చూస్తాడు. ఫ్లెక్సీ ముందు నిలబడి కాసేపు చూసి, లోపలికి వచ్చి మా ఆయన పక్కన కూర్చున్నాడు.

"ఎంత పని చేసినారన్నా నీకు. చెయ్యి తీసేసి, దాన్నే పోస్టరేసుకుంటారా? శుక్రవారం మన మీటింగు ఉండాది. స్టేజీ మీదికొచ్చి జరిగింది జరిగినట్లు చెప్పు. ఆడనే మా సారు లెటరు రాసిస్తాడు. సోమవారం కల్లా నీ ఆపరేషను."

"శుక్రవారం మిషను ఉండాదప్పా నాకు."

"పొద్దున పదికి మీటింగు. పన్నెండుకు అయిపాయె. ఒంటిగంటకు నువ్వు హిందూపురంలో ఉంటావు, మా కార్లోనే."

ఝాన్సీ సిస్టర్‌కు ఫోను చేస్తే నాలుగు లోపల వస్తే మంచం ఆపుతానంది. "నాలుగు దాటితే నా చేతిలో ఉండదమ్మా," అని రెండుసార్లు చెప్పింది.

పదికే పోయాం. స్టేజీ మీద ఆయనను ముందు వరసలో కూర్చోబెట్టారు. మెడ మీది తువ్వాలు తీయించారు, గొట్టం కనపడాలని. పైన షామియానా జనానికే కానీ స్టేజీకి లేదు. పన్నెండయింది, గోవిందరాజులు రాలేదు. రెండయింది, రాలేదు. నేను కింద నుంచి సైగ చేశాను, పోదాం రా అని. ఆయన తల అడ్డంగా ఊపాడు. లెటరు.

మూడున్నరకు మజ్జిగ పంచారు. ఆయన ఒక గ్లాసు తీసుకొని గటగటా తాగాడు. ఇంకోటి అడిగి తాగాడు. మూడోది కూడా. నేను లేచి ఒక్క కేక వేసి ఉండవచ్చు. వేయలేదు. తర్వాత ఝాన్సీ సిస్టర్ అది పెద్ద తప్పని చెప్పింది. తప్పే. కానీ ఆ మజ్జిగ తాగేటప్పుడు ఆయన ముఖం చూసింది నేను. మూడేళ్ళలో ఆయన కడుపారా తాగింది ఆ ఒక్క రోజే.

గోవిందరాజులు ఐదింటికి వచ్చాడు. మా ఆయనకు మైకు ఇచ్చారు. బాలాజీ రాసిచ్చిన కాగితం చదివాడు. మిషన్లు తెస్తానన్నవాడు చెయ్యి తీసుకున్నాడని, కార్డు ఒక్కటే పేదవాడికి దిక్కని, అదే గొంతుతో, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, ఎక్కడ లేపాలో అక్కడ లేపి చెప్పాడు. జనం ఈలలు వేశారు. కొందరు ఏడ్చారు. మాటకూ మాటకూ మధ్య ఆయన ఊపిరి పట్టడం నాకు వినిపించింది. ఎవరి మాట చెప్పినా బాగా చెప్పేవాడు.

లెటరు ఇచ్చారు. కారు ఇవ్వలేదు. కార్లన్నీ ఊరేగింపుకు పోయాయి.

శనివారం పొద్దున ఆయనకు పడుకుంటే ఊపిరి ఆడలేదు. గోడకు ఆనుకొని కూర్చొనే ఉన్నాడు. కాళ్ళు మళ్ళీ వాచాయి. ముందు హిందూపురం పోదామన్నాను.

"ముందు ధర్మవరం," అన్నాడు. "లెటరు ఇచ్చి, తేదీ రాయించుకొని, అట్లనే బస్సెక్కి హిందూపురం పోదాం. ఎన్నికలు అయిపోతే ఈ లెటరును ఎవురూ చూడరే."

ధర్మవరం కౌంటరులో అదే మనిషి. లెటరు చదివాడు, వెనక్కి తిప్పి చూశాడు.

"ఈయప్ప ఇప్పుడు ఏ పదవిలో ఉండాడమ్మా? నిలబడినోడే గదా. ఎలక్షన్ కోడ్ నడుస్తాండాది. ఈ లెటరు మేం తీసుకుంటే మా మీదికి వస్తాది. గెలిచినాక తీసుకురాండి."

మా ఆయన లెటరు మడిచి నా చేతికిచ్చాడు. హిందూపురం బస్సు ఎక్కాం. కిటికీ పక్కన కూర్చోబెట్టాను. నోరు తెరిచి గాలి మింగుతున్నాడు. పెనుకొండ కొండ కనపడుతూ ఉంది. "గంగా," అన్నాడు. నేను ఆ అన్నాను. తర్వాత ఏం చెప్పాలనుకున్నాడో చెప్పలేదు. తల నా భుజం మీద పడింది. నిద్ర అనుకుని నేను కదలలేదు, పక్క సీటులో ఆమె కేక వేసేదాకా.

బస్సును పెనుకొండ సర్కారు ఆస్పత్రికి తిప్పారు. డ్రైవరు, కండక్టరు ఇద్దరూ మోశారు. గేటు ఎదుట రోడ్డుకు అవతల శివప్రసాద్ ఫ్లెక్సీ ఉంది, ఆయన ఒళ్ళో మా ఆయన చెయ్యి. దాని ముందు నుంచే లోపలికి తీసుకుపోయాం. డాక్టరమ్మ చూసి, బస్సులోనే అయిపోయిందమ్మా అంది. మంచి మనిషి, నాకు కుర్చీ వేయించింది.

చావుకు లీడర్లు ఇద్దరూ రాలేదు. ఎవరు ముందు వస్తే ఎవరి మీద మాట పడుతుందోనని ఆగిపోయారని తర్వాత అన్నారు. రెండు దండలు మాత్రం వచ్చాయి, ఇద్దరి పేర్లతో. పెద్దది ఏదో జనం కొలిచినట్టు చూశారు.

మూడో రోజు బాలాజీ వచ్చాడు. అరుగు మీద కూర్చున్నాడు. టీ ఇచ్చాను. తాగి, గ్లాసు పక్కన పెట్టి, గొంతు తగ్గించాడు.

"వదినా, ఆ లెటరు ఉండాదా?"

"ఉండాది."

"అది ఇట్లియ్యి. కోడ్ ఉన్నప్పుడు సారు లెటరు ఇచ్చినాడని వాళ్ళకు దొరికితే కేసయితాది. అన్న ఎట్లా ల్యాడు గదా, నీకేం పనికొస్తాది."

తెచ్చి ఇచ్చాను. నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఇంకా లేవలేదు.

"అన్నది ఓటు స్లిప్పు గూడ వచ్చి ఉంటాది. అది గూడ ఇయ్యి. లిస్టులో పేరు తీపిచ్చేదానికి."

అది కూడా ఇచ్చాను. మనిషే లేనప్పుడు కాగితం నాకెందుకు అనుకున్నాను. అంతకు మించి నాకేమీ తోచలేదు.

ఓట్ల రోజు వెంకటమ్మవ్వ వచ్చి, ఇంట్లో కూర్చొని ఏం చేస్తావు రా అని లాక్కుపోయింది. మా ఊరి బడిలో పోలింగు. లైనులో అందరూ నాకు జాగా ఇచ్చి ముందుకు పంపారు. లోపల బల్ల వెనక ఆఫీసరు, పక్కన బెంచీ మీద రెండు పార్టీల ఏజెంట్లు, బాలాజీ ఒకడు, శివప్రసాద్ మనిషి ఒకడు. నా ముందు పోయిన ముసలాయన ముఖం పటంలో వేరేగా ఉందని ఆ ఇద్దరూ లేచి కొట్లాడి, ఆధారు తెప్పించి మరీ వదిలారు.

నా వంతు వచ్చింది. ఆఫీసరు నా పేరు, నంబరు గట్టిగా చదివాడు. లిస్టులో నా పటం మీద వేలు పెట్టాడు. నా పటానికి ముందు మా ఆయన పటం. ఆ పేరు కింద ఎర్ర గీత ఉంది. ఓటు వేసినవాళ్ళ పేర్ల కింద గీసే గీత.

నేను ఏజెంట్ల వైపు చూశాను. మా ఆయన దినాలకు ఇద్దరూ మా ఇంటికి వచ్చినవాళ్ళే. ఇద్దరూ తలలు దించుకొని తమ కాగితాలు చూస్తున్నారు. ఆయన ఓటు కార్డుకు పోయిందో మిషనుకు పోయిందో వాళ్ళలో ఒకరికి తెలుసు. రెండోవాడు దేనికి నోరు మూసుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

"మా ఆయప్ప వచ్చినాడా సార్?" అని అడిగాను.

ఆఫీసరు ఈ ఊరివాడు కాదు. లిస్టు చూసి చెప్పాడు.

"పొద్దున్నే వచ్చి వేసిపోయినాడమ్మా. వేలు చాపు."

చాపాను. సిరా పెట్టాడు. వెనక లైనులో వాళ్ళు తొందర చేస్తుంటే, ముందుకు నడిచాను.